ఆగని వాన కేసు

"ఈ ఊళ్ళో నేరమనేది ఇంకా బతికుందంటే అది నా దయ. రోజూ పది నుంచి ఆరు దాకా నేను కళ్ళద్దాలు అరగదీసే పనిలో ఉంటాను కాబట్టి దానికి కాస్త ఊపిరాడుతోంది. పూర్తిగా ఇదే పనిలో దిగానంటే పోలీసులు స్టేషన్లకి తాళాలేసుకుని ఇంటికెళ్ళాల్సిందే" అని ప్రకటించి బావ టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

కప్పు సాసర్లో కాకుండా బిస్కెట్ మీద పెట్టాడన్న సంగతి ఆయన నిశిత పరిశీలనకి అందలేదు. కప్పు ఒరిగింది, టీ పేపరు మీదుగా పారి నేల మీదకి చేరింది. అక్క గుడ్డ తెచ్చి తుడిచింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆ గుడ్డని అందుబాటులో ఉంచుకోవడం నేర్చుకుంది. ఎదురుగా కూర్చున్న బావమరిది మాత్రం ఇదేదీ చూడలేదు. పొద్దున్నే అక్కని వెతుక్కుంటూ వచ్చాడే గాని, వచ్చినప్పట్నుంచీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

బావ గురించి రెండు ముక్కలు చెప్పాలి. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీయడం ఆయన ఉద్యోగం. అపరాధ పరిశోధన ఆయన ఊపిరి. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. పగిలిందని షాపువాళ్ళు చెత్తబుట్టలో వేస్తే ఏరి తెచ్చుకున్నాడు. ఆ పగులు వల్ల ఏ వస్తువైనా అందులో రెండుగా కనబడేది. అందుకేనేమో, ప్రతి కేసులోనూ నేరస్థులు ఇద్దరని తేల్చేవాడు. పక్కింటాయన చెప్పులు పోయినప్పుడు మూడు రోజులు మెట్ల కింద దాక్కుని నిఘా వేసి, నాలుగో రోజున అవి తన కాళ్ళకే ఉన్నాయని కనిపెట్టాడు. "దొంగ దొరికాడా లేదా, అది చెప్పండి" అని పక్కింటాయన్ని గర్వంగా అడిగాడు కూడా. నిజమే, దొరికాడు.

సొంతంగా విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకున్నాడు. దాని మీద 'అపరాధ పరిశోధకుడు, నం. 7' అని ఉండేది. పెళ్ళైన కొత్తలో బావమరిది ఆ కార్డు చూసి, "మిగతా ఆరుగురూ ఎవరు బావా?" అని అడిగాడు.

బావ లేచి వెళ్ళి కిటికీ మూసొచ్చాడు. "నాక్కూడా చెప్పలేదు. ఒక సంస్థ నా సామర్థ్యాన్ని పరీక్షించి ఇచ్చిన నంబరది. ఇంతకుమించి అడక్కు. కాగితం మీద సంతకం పెట్టాను" అన్నాడు.

మిగతా గొప్పల్లాగే ఇదీ ఒకటని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉండేది. వాన పడుతుండగా కొరియర్ మనిషి తలుపు తట్టాడంటే అతని పని అయిపోయినట్టే. లోపలికి లాగి కుర్చీలో కూలేసి, వాన తగ్గేదాకా కదలనిచ్చేవాడు కాదు. "అయ్యా, ఇంకా పదహారు ఇళ్ళు తిరగాలి" అని ఆ మనిషి మొత్తుకున్నా వినేవాడు కాదు. ఎందుకని అడిగితే, "నీకు తెలీదులే" అనేవాడు.

"ఏంట్రా, అలా ఉన్నావ్?" అని అక్క తమ్ముణ్ణి అడిగింది. "లిఫ్టు ఎక్కడన్నా ఆగిపోయిందా?"

బావమరిది లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. ఏ అంతస్తులో ఎవరు బటన్ నొక్కితే లిఫ్టు ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి, తలుపులు ఎంతసేపు తెరుచుకుని ఉండాలి, ఇవన్నీ అతను రాసినట్టే జరుగుతాయి. రోజూ వేలమంది అతని పనిలోకి ఎక్కి దిగుతారు. ఒక్కరూ బాగుందని గాని, బాగాలేదని గాని అనరు. అతనికి కావలసిందీ అదే. తొమ్మిదేళ్ళ క్రితం తగిలిన ఒక దెబ్బకి, ఎవరూ అభిప్రాయం చెప్పని పని కోసం వెతుక్కుని మరీ ఇందులో చేరాడు.

"లిఫ్టు కాదక్కా. ఆట" అన్నాడు.

ఆ ఆట పేరు 'కొండ మీద టపా'. కత్తులూ తుపాకులూ లేని వీడియో గేమ్. ఒక కొండమీది ఊరు, వానాకాలం, కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్, అతని భుజాన ఉత్తరాల సంచి. ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు ఇవ్వాలి. తలుపు తీసినవాళ్ళు రెండు మాటలు మాట్లాడతారు. అంతే. ప్రోగ్రాములన్నీ బావమరిది రాశాడు. బొమ్మలన్నీ ఒక చిత్రకారిణి గీసింది. ఆఫీసులో అందరూ ఆవిడని బొమ్మలావిడ అనేవారు. నాలుగేళ్ళు నిద్రాహారాలు లేకుండా చేశారు. ఇంకో వారంలో విడుదలనగా కంపెనీ మేడమ్ పిలిచి, "ఆడినవాళ్ళకి నచ్చలేదు. ఆపేశాం" అంది. ఆ మాటతో అంతా అయిపోయింది.

అప్పటికే బయటికి వచ్చింది ఒక నిమిషం వీడియో, మూడు బొమ్మలు. వాటిని పట్టుకుని ఇంటర్నెట్‌లో జనం తొమ్మిదేళ్ళుగా కొట్టుకుంటున్నారు. వచ్చుంటే చరిత్ర తిరగరాసేదని సగం మంది, వచ్చుంటే చరిత్రలో చెత్తగా మిగిలేదని సగం మంది. వాళ్ళలో ఆ ఆట ఆడినవాడు ఒక్కడూ లేడు. మెచ్చుకునేవాళ్ళకి 'వానపిట్ట' అనే పేరుతో రాసేవాడు నాయకుడు. తిట్టేవాళ్ళకి 'చిల్లుగొడుగు' నాయకుడు. ఇద్దరికీ క్షణం పడదు.

"బొమ్మలావిడ నిన్న ఫోన్ చేసింది. పాత కంప్యూటర్లో ఆట మొత్తం దొరికిందట. ఒక చిన్న కంపెనీ విడుదల చేస్తానంటోంది. నేను ఉద్యోగం మానేసి ఆర్నెల్లు దాని మీద కూర్చోవాలి. రేపు సాయంత్రం లోపు అవునో కాదో చెప్పమంది."

"చెప్పు మరి."

"ఏం చెప్పనక్కా? అది అసలు బాగుందో లేదో నాకే తెలీదు. బాగాలేని దానికోసం తొమ్మిదేళ్ళు ఏడ్చానా? ఒకవేళ బాగుంటే, అంత మంచిదాన్ని నోరు మూసుకుని వదిలేసి లిఫ్టుల్లో దాక్కున్నానా? ఏదైనా భరించలేను." అక్క తరుగుతున్న కూరగాయలు పక్కన పెట్టేసింది.

బావ మెల్లగా లేచాడు. టీలో తడిసిన పేపరు మోచేతికి అంటుకుని ఆయనతోబాటే లేచింది.

"బావమరిదీ, నీ ఆట పోలేదు. పోగొట్టబడింది. ఇది హత్య. పథకం ప్రకారం, చల్లటి నెత్తురుతో చేసిన హత్య. రేపు సాయంత్రం లోపు హంతకుల్ని నీ ముందు నిలబెడతాను. ఇద్దరినీ."

"ఇద్దరని అప్పుడే ఎలా తెలిసింది బావా?"

"అనుభవం" అన్నాడు బావ, భూతద్దం తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ మేడమ్ దగ్గరికి బయల్దేరారు. ఆటల కంపెనీ మూతపడ్డాక ఆవిడ కుర్చీలు, సోఫాలు అమ్మే షోరూము పెట్టుకుంది. బావమరిదికి అక్కడికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. బావకి మాత్రం కాళ్ళు నేల మీద ఆగలేదు.

"నేను సోఫాలు కొనే పెద్ద వ్యాపారిలా వస్తాను. నువ్వు నా సెక్రటరీవి. మనల్ని ఎవరూ గుర్తుపట్టకూడదు" అన్నాడు.

"బావా, నేను ఆవిడ దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను."

"అందుకే మారువేషం."

మారువేషం అంటే షాపు నుంచి తెచ్చిన నల్లద్దాలు. అవి ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని అద్దాలు, పవరు బాగా ఎక్కువ. పెట్టుకోగానే బావకి ప్రపంచం అలుక్కుపోయింది. షోరూములో అడుగు పెడుతూనే ఎదురుగా హుందాగా నిలబడ్డ మనిషికి నమస్కారం పెట్టి, "మీ యజమానురాలితో మాట్లాడాలి" అన్నాడు. ఆ మనిషి కూడా అదే క్షణంలో నమస్కారం పెట్టాడు. బావ ఇంకాస్త వంగాడు. అతనూ వంగాడు. అలమారా అద్దానికి బావ తల ఠప్పుమని తగిలిన చప్పుడుకి లోపలి గదిలోంచి మేడమ్ బయటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది గాని మనిషి మారలేదు.

"నువ్వా?" అంది బావమరిదిని చూడగానే.

"నేనే మేడమ్."

"ఇతను నా సెక్రటరీ. మీరు ఇతన్ని ఎప్పుడూ చూడలేదు" అన్నాడు బావ నుదురు రుద్దుకుంటూ. ఎవరూ పట్టించుకోకపోవడంతో ఠీవిగా వెనక్కి జరిగి ఒక కుర్చీలో కూలబడ్డాడు. అది వెనక్కి వాలే కుర్చీ. మీటకి చెయ్యి తగిలి ఆయన తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళాయి. విచారణంతా ఆ భంగిమలోనే సాగింది.

"మేడమ్, ఒక్క మాట అడగడానికొచ్చాను. ఆ ఆట ఎందుకాపేశారు? నచ్చలేదన్నారు. ఎవరికి? ఏం నచ్చలేదు?" అన్నాడు బావమరిది. తొమ్మిదేళ్ళుగా అద్దం ముందు అభ్యాసం చేసిన మాటలవి. తీరా బయటికి వచ్చేసరికి నసిగినట్టు వచ్చాయి.

మేడమ్ ఒక కుర్చీ ముందుకి జరిపింది. "కూర్చో. అప్పుడే చెప్పాల్సింది. మన పద్ధతి నీకు గుర్తుందిగా? ఆట తయారుచేసినవాళ్ళు, దాన్ని పరీక్షగా ఆడేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూడకూడదు."

"గుర్తుంది. మీరే పెట్టారు."

"ముందే చూస్తే మొహమాటానికి బాగుందంటారని. అందుకే ఆ పరీక్ష మన ఆఫీసులో కాకుండా పళ్ళ డాక్టరు పైన గది అద్దెకి తీసుకుని పెట్టాం. దారిన పోయేవాళ్ళని ఎనిమిది మందిని పిలిచాం. పేర్లు అడగలేదు, నంబర్లే. బయట ఎక్కడా చెప్పకూడదని సంతకాలు తీసుకున్నాం. ఒక్కొక్కళ్ళు గంట ఆడారు. వాళ్ళ తెర మీద జరిగిందంతా సీడీల్లోకి ఎక్కించాం. సరిగ్గా ఆ రోజే విడుదల చేసే సంస్థవాళ్ళు ఊళ్ళోకి దిగారు. వాళ్ళకి ఉన్నది ఒక్క గంట. ఎనిమిదీ చూసే టైం లేదు, ఏదో ఒకటి వెయ్యండి అన్నారు. దొంతరలోంచి వాళ్ళే ఒకటి లాగారు."

"ఊఁ."

"మొదటి ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. వాళ్ళ మొహాల్లో నవ్వు కూడా చూశాను. ఆ తర్వాత వాన మొదలైంది. ఆ ఆడే మనిషి పోస్ట్‌మన్ని తీసుకెళ్ళి ఒక మూసిన కొట్టు చూరు కింద నిలబెట్టాడు. అంతే. ఇంక కదల్లేదు."

"కదల్లేదా?"

"నలభై నిమిషాలు. మొదట సీడీ పాడైందనుకున్నారు. కాదు. మధ్యమధ్యలో పోస్ట్‌మన్ తల అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అంటే మనిషి మెలకువగానే ఉన్నాడు, ఆడాలని లేదు. చివర్లో అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితం తెరిస్తే ఖాళీ. ఒక్క ముక్క లేదు. 'ఆడేవాణ్ణి రాయిని చేసే ఆట మాకొద్దు' అని వాళ్ళు లేచి వెళ్ళిపోయారు."

నచ్చలేదంటే ఇంత నచ్చలేదని బావమరిది అనుకోలేదు. "మిగతా ఏడుగురూ?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"అందరూ 'పర్వాలేదు' అని రాశారు. దాంతో నేనేం చెయ్యగలను? అయినా ఆ సీడీ ఇంట్లో దాచుకున్నాను. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను."

వాలిన కుర్చీలోంచి ఒక చూపుడు వేలు పైకి లేచింది. "మేడమ్, ఒక కీలకమైన ప్రశ్న" అంది బావ గొంతు.

ఆ చోట ఏ మాత్రం తెలివున్న డిటెక్టివ్ అయినా, ఆ మనిషి నంబరెంత అని అడుగుతాడు. కేసు అక్కడికక్కడే తేలిపోయేది. మన బావ అడిగింది వేరు.

"దీన్ని లేపే మీట ఎక్కడుందండీ?"

మర్నాడు పొద్దున్న బావ ఇంట్లో ముందు గది కోర్టు హాలులా తయారైంది. నేరంతో సంబంధమున్న వాళ్ళందరినీ ఒకే గదిలో సమావేశపరిచి, ఒక్కొక్కరి ముసుగూ తొలగించి, ఆఖర్న హంతకుడి వైపు వేలు చూపించాలన్నది ఆయన చిరకాల వాంఛ. మేడమ్ సీడీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చింది. బొమ్మలావిడ పాత కంప్యూటర్ ఎత్తుకొచ్చి టీవీకి తగిలించింది. ఆవిడ ఇప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీస్తోంది. వేళ్ళకి ఇంకా రంగు ఉంది. బావమరిది ఆవిడ కళ్ళలోకి చూడలేక టీవీ వైర్లు సర్దుతూ ఉండిపోయాడు.

"ఏం ఆలోచించావ్?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"ఆడినవాడు రాయైపోయాడట" అన్నాడతను. "కాదనే చెప్తానేమో."

ఆవిడ ఏదో అనబోయేలోగా బావ గొంతు సవరించుకున్నాడు.

"అందరూ కూర్చోండి. ఈ గదిలోంచి ఎవరూ బయటికి వెళ్ళకూడదు. తలుపు దగ్గర కాపలా ఉంది."

తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడ్డ అక్క, "నేను వంటింట్లోకి వెళ్ళొచ్చా?" అంది.

"నువ్వు వెళ్ళొచ్చు. రాత్రంతా... సరే, తొమ్మిదిన్నర దాకా నేను ఇంటర్నెట్‌లో శోధించాను. ఈ ఆటని ప్రాణంగా ప్రేమించినవాడు ఒకడు, ప్రాణం తీసేంతగా ద్వేషించినవాడు ఒకడు. వానపిట్ట. చిల్లుగొడుగు. ఈ ఇద్దరికీ ఆట లోపలి రహస్యాలన్నీ తెలుసు. బయటివాళ్ళకి తెలియని సందుల పేర్లు కూడా రాశారు. కాబట్టి ఆ ఇద్దరే..."

"బావా, అది వదిలెయ్" అన్నాడు బావమరిది.

"వదలను. వాళ్ళ జాడ పాతాళంలో ఉన్నా తవ్వి తీస్తాను."

"తవ్వక్కర్లేదు బావా. రెండూ నేనే."

బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. "బాగుందనిపించిన రోజు ఒక పేరుతో రాసేవాణ్ణి. బాగాలేదనిపించిన రోజు ఇంకో పేరుతో. ఒకే రోజు రెండూ అనిపిస్తే... ఇంక పోట్లాటే."

"నాకు తెలుసు" అంది బొమ్మలావిడ. "ఇద్దరూ కామా పెట్టాల్సిన చోట రెండు చుక్కలు పెడతారు."

బావ క్షణం తడబడ్డాడు గాని తమాయించుకున్నాడు. "నేనూ ఊహించాను. ఇప్పుడు రెండో సిద్ధాంతం. ఆ చూరు కింద ఒక ఉచ్చు ఉంది. అక్కడికెళ్ళిన ఏ మనిషైనా రాయైపోతాడు. దాన్ని అక్కడ పెట్టిందెవరో తేల్చడానికి నేరస్థలంలోకి నేనే స్వయంగా దిగుతున్నాను. నాకేమన్నా అయితే," అని భార్య వైపు తిరిగి, "భూతద్దం నీకే" అన్నాడు.

ఆయన కంట్రోలర్ అందుకున్నాడు. బొమ్మలావిడ ఆట మొదలుపెట్టింది.

టీవీ మీద కొండ తెరుచుకుంది. పెంకుటిళ్ళు, మెట్లదారి, పైన మబ్బులు. బావమరిది తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి చూస్తున్నాడు. చూపు దించుకున్నాడు. అందుకని బావ మొహంలో ఏం జరిగిందో అతను చూడలేదు. అక్క చూసింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన నోట మాట పడిపోయింది. నిలబడి ఆడదామనుకున్నవాడు తడుముకుంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు.

పోస్ట్‌మన్ నడవడం మొదలుపెట్టాడు. మొదటి ఇల్లు, రెండో ఇల్లు. తర్వాత మెట్లవైపు వెళ్ళకుండా నీళ్ళ పంపు వెనక్కి తిరిగి ఒక సన్న సందులోకి దూరాడు. బావమరిది తలెత్తాడు. ఆ సందు అతను కావాలని దాచిపెట్టింది. మొదటిసారి ఆడేవాడికి కనబడే అవకాశమే లేదు.

"బావా, నీకు ఆ సందు ఎలా తెలుసు?"

బావ పోస్ట్‌మన్ని ఇంకా ముందుకి నడిపించాడు. సందు చివర ఒక కుక్క ఉంది. పోస్ట్‌మన్ దాని ముందు ఆగాడు. అది మూడుసార్లు తన చుట్టూ తాను తిరిగి పడుకున్నాక, చప్పుడు చెయ్యకుండా దాటుకుని వెళ్ళాడు. అలా ఆగితే కుక్క మొరగదన్న సంగతి ప్రపంచంలో బావమరిదికి, బొమ్మలావిడకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

అప్పుడు వాన మొదలైంది.

పోస్ట్‌మన్ పరుగున వెళ్ళి మూసిన కొట్టు చూరు కింద నిలబడ్డాడు. చూరు అంచు నుంచి చినుకులు వరసగా జారుతున్నాయి. ఒక నిమిషం గడిచింది. రెండు. ఐదు. పోస్ట్‌మన్ తల అటు తిప్పి ఆకాశం చూశాడు, ఇటు తిప్పి దారి చూశాడు. కదల్లేదు. మేడమ్ ముందుకి వంగింది.

"ఏమండీ, ఆగిపోయారేం?" అంది అక్క.

"వాన."

"అది టీవీలో కదండీ పడేది."

"సంచికి మూత లేదు, కనబడ్డం లేదా? పైనున్న ఉత్తరాలన్నీ తడిసిపోతాయి. తగ్గనీ, వెళ్దాం."

బొమ్మలావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మూత గీయడానికి నాకు టైం దొరకలేదు" అంది చాలా నెమ్మదిగా. "ఎవరూ చూడరులే అని వదిలేశాను."

బావమరిది టీవీ దగ్గరికి వచ్చాడు. "బావా," అన్నాడు, "ఆ వాన ఆగదు."

"ఎందుకాగదు? ఎంత వానైనా ఎప్పుడో అప్పుడు ఆగాల్సిందే."

"ఇది ఆగదు. అవతల వంతెన ఉంది. అది దాటాకే వాన తగ్గేలా నేను రాశాను. దాటకపోతే పడుతూనే ఉంటుంది."

"అలా ఎందుకు రాశావ్?"

"వాన కోసం ఎవరైనా ఆగుతారని అనుకోలేదు బావా. అది ఒట్టి బొమ్మ వాన. అందులో ఉత్తరాలు తడవవు. తడవడమన్నది నేను రాయనే లేదు."

"ఉత్తరాలు పెట్టి, వాన పెట్టి, తడవవంటే ఎలా నమ్మడం?" అన్నాడు బావ, తెర మీంచి చూపు తిప్పకుండా.

మేడమ్ హ్యాండ్‌బ్యాగు తెరిచి సీడీ బయటికి తీసింది. కవరు మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దగా ఒక అంకె రాసి ఉంది. 7. అక్క బల్ల మీది విజిటింగ్ కార్డు తీసి దాని పక్కన పెట్టింది. నలుగురూ ఆ రెంటినీ చూశారు. తర్వాత కుర్చీ అంచున కూర్చున్న మనిషిని చూశారు. ఆయన వాన చూస్తున్నాడు.

"మీరు ఎప్పుడైనా పళ్ళ డాక్టరు పైన గదిలో ఒక కాగితం మీద సంతకం పెట్టారా?" అని మేడమ్ అడిగింది.

బావ భుజాలు బిగుసుకున్నాయి. "ఆ విషయం నేను మాట్లాడకూడదు."

"ఆ కాగితం రాయించింది నేనేనండి. ఇప్పుడు మాట్లాడొచ్చు."

బావ ఆవిడ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం దించుకోవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. "దారిన పోతుంటే పిలిచారు. పేరొద్దన్నారు, నంబరిచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నా నిఘా నైపుణ్యం మీద పరీక్ష అనుకున్నాను. మొదట అలాగే చూశాను కూడా, ఏ కిటికీలో ఎవరున్నారు, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయి అని. కానీ వాన మొదలయ్యాక పరీక్ష సంగతే మర్చిపోయాను. సంచి ఎలా కాపాడాలా అనే ధ్యాస. ఇంతలో టైమైపోయిందని లేపేశారు. ఎలా ఉందో రాయమని కాగితం ఇచ్చారు. చెప్పొద్దని సంతకం తీసుకుని మళ్ళీ రాయమనడమేంటి, ఇది కూడా పరీక్షే అనుకుని ఖాళీగా ఇచ్చేశాను."

ఎవరూ నవ్వలేదు. బావమరిది కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఎవరిని అడగాలో తెలియని ప్రశ్న ఇప్పుడు అడగాలి.

"బావా, నిజం చెప్పు. ఆట బాగుందా?"

బావకి ప్రశ్న అర్థం కానట్టు కనబడింది. "బాగుందో లేదో నాకేం తెలుసు? నాకు తెలియాల్సింది ఒక్కటే. చివరింటి ముసలావిడకి వాళ్ళ చెల్లెలు రాసిన ఉత్తరం సంచిలో పైనే ఉంది. మొదటింటివాళ్ళు చెప్పారు, ఆవిడ దానికోసమే రోజూ గుమ్మంలో కూర్చుంటుందని. నన్ను మధ్యలో లేపేశారు. తర్వాత ఎవరైనా తీసుకెళ్ళిచ్చారా? ఆవిడకి చేరిందా?"

వానలో కొరియర్ మనుషుల్ని ఈయన ఎందుకు కుర్చీలో కూర్చోబెట్టేస్తాడో అక్కకి అప్పుడు తెలిసింది. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ చూరు కింద నలభై నిమిషాలు నిలబడ్డవాడు విసుగుతో నిలబడలేదు. బావమరిది రాసిన వానని, బొమ్మలావిడ గీసిన సంచిని, నిజమని నమ్మి నిలబడ్డాడు. ఆట చచ్చిపోయింది అందుకే.

"నేను వస్తున్నాను" అన్నాడు బొమ్మలావిడతో.

"సాయంత్రం దాకా టైముంది" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ.

బావ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మనిషికి పాత తేజస్సు తిరిగి వచ్చేసింది. భూతద్దం తీసి ఒక కన్ను మూశాడు. "కేసు తేలిపోయింది. ఆటని చంపింది ఆ ఆడిన మనిషి కాదు. పాపం, అతను నిర్దోషి. గొప్ప బాధ్యత తెలిసినవాడిలా ఉన్నాడు. అసలు హంతకులు ఈ గదిలోనే ఉన్నారు. ఒకరు సంచికి మూత గీయలేదు. ఇంకొకరు వాన ఆపలేదు. నిన్న పొద్దున్నే చెప్పాను, ఇద్దరని."

"ఏమండీ, ఆ ఆడిన మనిషి ఎవరంటే..." అని అక్క మొదలుపెట్టింది. బావమరిది చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"మా తప్పే బావా. ఒప్పుకుంటున్నాం" అన్నాడు.

"ఒప్పుకోక ఛస్తారా" అన్నాడు బావ.

బావమరిది కంప్యూటర్ ముందు కూర్చుని పాత ప్రోగ్రాము తెరిచాడు. తను రాసిన వాక్యాలే, వేరొకరివి చదువుతున్నట్టు చదివాడు. వాన ఆగే చోటు దొరికింది.

"ఎంతసేపు ఆగితే తగ్గాలి బావా?"

బావ చాలా సీరియస్‌గా ఆలోచించాడు. "మనిషికి ఇంక తగ్గదేమో అనిపించాలి. అప్పుడు తగ్గాలి."

"సంచికి మూత గీసేస్తానండి, పది నిమిషాల పని" అంది బొమ్మలావిడ.

"వద్దు. మూతుంటే ఇంక నేనెందుకు ఆగడం?" అన్నాడు బావ. ఆవిడ కాసేపాలోచించి పెన్ను కింద పెట్టేసింది.

మధ్యాహ్నం దాటాక బావ మళ్ళీ కొండెక్కాడు. మళ్ళీ చూరు కింద నిలబడ్డాడు. ఈసారి గదిలో అందరూ ఆయనతోబాటు నిలబడ్డట్టే ఊపిరి బిగబట్టి చూశారు. సోఫాల షోరూము తెరవాల్సిన మేడమ్ కూడా కదల్లేదు. ఇంక తగ్గదేమో అనుకుంటుండగా చూరు చినుకులు పల్చబడ్డాయి. రాళ్ళ మీద ఎండ పడింది.

బావ వంతెన దాటాడు. చివరింటి ముందు ఆగి తలుపు తట్టాడు. ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, చెయ్యి చాచి, ఉత్తరం అందుకుంది. బావ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి భూతద్దం తీసి టీవీ దగ్గరికి వంగాడు. ఆవిడ చేతిలోని ఉత్తరాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా పరీక్షగా చూశాడు.

"తడవలేదు" అన్నాడు.